ఖుకురీకి పూజ, కామికి గడప బయట చోటు: ఒక కత్తి తయారీ చెప్పే కులం కథ

నేపాల్ అనగానే చాలామందికి గుర్తొచ్చే వస్తువు ఖుకురీ. ముందుకు వంగిన అలుగు, చెక్క పిడి, తోలు ఒర. గోర్ఖా సైనికుడి నడుముకు వేలాడే కత్తిగా ప్రపంచానికి తెలుసు. 1962 నుంచి 2006 దాకా నేపాల్ రాజచిహ్నంలో రెండు ఖుకురీలు ఒకదానికొకటి అడ్డంగా ఉండేవి. ఆ దేశపు పేరున్న రమ్ సీసాకు కూడా ఇదే పేరు. ఇంత గౌరవం పొందిన కత్తిని తరతరాలుగా చేస్తున్నది కామి కులస్తులు. వాళ్లు నేపాల్ కొండ ప్రాంతపు దళితులు.

ఈ వ్యాసంలో మేం రెండు విషయాలు చెప్పదలచుకున్నాం. ఒకటి, ఖుకురీ ఎలా తయారవుతుంది. రెండు, దాన్ని తయారుచేసిన చేతిని సమాజం, చట్టం ఎక్కడ నిలబెట్టాయి. ఈ రెంటినీ విడదీసి చూడటం మనకు అలవాటు. చేతివృత్తుల మీద రాసేవాళ్లు కులం ఊసెత్తరు. కులం మీద రాసేవాళ్లు ఆ పనిలో ఉన్న జ్ఞానం జోలికి పోరు. దాంతో కామి మనిషి ఒకచోట పేరులేని పనివాడిగా, మరోచోట బాధితుడిగా మాత్రమే మిగిలిపోతాడు.

కామిలు ఎవరు?

నేపాల్ 2021 జనగణనలో విశ్వకర్మల సంఖ్య సుమారు 14 లక్షల 70 వేలు. దేశ జనాభాలో ఇది 5 శాతం. కొండ ప్రాంత దళితుల్లో ఇదే అతి పెద్ద సమూహం. ఇనుము పనిచేసే కామిలతోపాటు బంగారం పనిచేసే సునార్లను, రాగి పనిచేసే టమ్టాలను కూడా ఈ గొడుగు కిందే చెబుతారు. చాలామంది ఇంటిపేరుగా ‘విశ్వకర్మ’ అని, పొట్టిగా ‘బీకే’ అని రాసుకుంటారు. తోలు పనిచేసే సార్కీలు, బట్టలు కుట్టి వాయిద్యాలు వాయించే దమాయిలు కొండ ప్రాంతంలోని మిగతా పెద్ద దళిత కులాలు.

సరిహద్దుకు ఇవతల కూడా కామిలు ఉన్నారు. మన సిక్కిం, పశ్చిమ బెంగాల్ రాష్ట్రాల షెడ్యూల్డ్ కులాల జాబితాల్లో కామి పేరు ఉంది.

ఒక కత్తి, పది పనులు

ఖుకురీని యుద్ధపు ఆయుధంగా చూపించేది ఎక్కువగా బయటివాళ్లే. 1793లో నేపాల్ వెళ్లిన ఈస్టిండియా కంపెనీ అధికారి కర్క్‌ప్యాట్రిక్ రాసిన పుస్తకం 1811లో అచ్చయింది. ఐరోపా పాఠకులకు ఈ కత్తిని పరిచయం చేసిన తొలి పుస్తకాల్లో అదొకటి. 1814–16 యుద్ధం తర్వాత బ్రిటిష్ సైన్యంలో గోర్ఖా దళాలు పెరిగాయి. ఖుకురీ పేరు కూడా వాటితోపాటు పెరిగింది.

కొండ ఊళ్లలో మాత్రం అది రోజువారీ పనిముట్టు. కట్టెలు కొట్టడానికి, పశువులకు ఆకు మేత నరకడానికి, వెదురు చీల్చడానికి, మాంసం కోయడానికి అదే. వేటకు వెళ్లినప్పుడు పొదలు నరికి దారి చేసుకోవడానికి, పడిన జంతువును కోసి పంచుకోవడానికి కూడా అదే. 1973లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట చాలావరకు ఆగింది. కత్తి మిగతా పనులకు నిలిచింది. దశైం పండుగలో మేకల్ని బలిచ్చేదీ ఈ కత్తితోనే.

ఇన్ని పనులు చేయాలంటే కత్తిలో గొడ్డలి గుణమూ చాకు గుణమూ కలిసి ఉండాలి. మామూలు ఖుకురీ పొడవు పిడితో కలిపి 16 నుంచి 18 అంగుళాలు. వెన్ను మందంగా ఉంటుంది. అలుగు మధ్యలో ఒంపు తిరిగి, మొన వైపు పొట్ట వెడల్పవుతుంది. బరువంతా ముందుకు చేరడం వల్ల దెబ్బ వేసినప్పుడు కత్తి బరువే సగం పని చేస్తుంది. పిడి దగ్గర సన్నగా ఉన్న భాగంతో చెక్కడం, చీరడం చేసుకోవచ్చు.

కొలిమి దగ్గర

కామి కొలిమిని నేపాలీలో ‘ఆరన్’ అంటారు. ఇప్పుడు ఖుకురీకి వాడే ఉక్కు చాలావరకు పాత లారీల, బస్సుల కమాన్ పట్టీలే. ఇందులో గొప్ప లెక్క ఉంది. లారీ బరువు మోస్తూ లక్షలసార్లు వంగి మళ్లీ లేవడానికే ఆ పట్టీని తయారుచేస్తారు. అందులో సుమారు అర శాతానికి పైగా కర్బనం ఉంటుంది. కర్బనం మరీ తక్కువైతే కత్తి పదును పట్టదు, మరీ ఎక్కువైతే పెళుసై విరుగుతుంది. పారేసిన ఇనుములో ఏది కత్తికి పనికొస్తుందో ఎంచడం కామి మొదటి విద్య.

పట్టీని బొగ్గుల్లో కాల్చి, కావలసిన పొడవుకు ఉలితో తెంచుతారు. వెనకటి రోజుల్లో తోలు తిత్తితో గాలి ఊదేవాళ్లు. ఇప్పుడు చాలాచోట్ల కరెంటు బ్లోయర్ వచ్చింది. ఎర్రగా కాగిన ముక్కను పట్టకారుతో దాగలి మీద పెట్టి ఒకరు తిప్పుతుంటే, ఎదురుగా నిలబడిన ఒకరో ఇద్దరో సమ్మెట వేస్తారు. పట్టుకున్న మనిషి చిన్న సుత్తితో ఎక్కడ కొట్టి చూపితే సమ్మెట అక్కడ పడాలి. మాటలతో పనిలేదు. ఆ సుత్తి చప్పుడే చెబుతుంది.

ముందు పిడిలోకి దిగే తోకను సాగదీస్తారు. తర్వాత అలుగును పరిచి, ఒంపు తిప్పుతారు. వెన్ను మందం తగ్గకుండా అంచు వైపు మాత్రమే పలచన చేయాలి. కొన్ని రకాల్లో వెన్ను పక్కన లోతుగా గాడి తీస్తారు. బరువు తగ్గుతుంది, బలం తగ్గదు. ముక్క చల్లారే కొద్దీ కొట్టకూడదు. కొడితే లోపల పగుళ్లు వస్తాయి. అందుకే ఎన్నోసార్లు కాల్చాలి, ఎన్నోసార్లు కొట్టాలి. తర్వాత ఆకురాయితో రాకి ఆకారం సరిచేస్తారు.

పిడికి దగ్గరగా అంచు మొదట్లో చిన్న నొక్కు ఒకటి చేస్తారు. దాన్ని ‘చో’ అనీ ‘కౌడీ’ అనీ అంటారు. అది ఆవు గిట్ట గుర్తు అని కొందరు, శివుడి త్రిశూలం అని కొందరు చెబుతారు. నెత్తురు గానీ చెట్టు పాలు గానీ పిడి మీదికి జారకుండా కింద పడేందుకని మరికొందరంటారు. పదును పెట్టేటప్పుడు అంచు ఎక్కడ ఆగాలో చూపే హద్దుగా కూడా అది పనికొస్తుంది.

నీళ్లు పెట్టడం

ఖుకురీ తయారీలో అసలు కీలకం నీళ్ల దగ్గర ఉంది. ఉక్కును సుమారు 800 డిగ్రీలు దాటేలా కాల్చి ఒక్కసారిగా చల్లార్చితే లోపలి నిర్మాణం మారి చాలా గట్టిపడుతుంది. నిదానంగా చల్లారితే మెత్తగా ఉంటుంది. గట్టి ఉక్కు పదును నిలబెడుతుంది కానీ గట్టి దెబ్బకు చిట్లుతుంది. మెత్తటి ఉక్కు దెబ్బ ఓర్చుకుంటుంది కానీ పదును నిలవదు. కత్తి మొత్తాన్ని నీళ్లలో ముంచితే మొదటి సమస్య, ముంచకపోతే రెండోది.

కామి ఈ రెంటి మధ్య ఒక దారి కనిపెట్టాడు. కాగిన అలుగును అంచు పైకి వచ్చేలా పట్టుకుని, కెటిల్ ముక్కు నుంచి సన్నటి ధారగా ఆ అంచు మీద మాత్రమే నీళ్లు పోస్తాడు. ధార అటూ ఇటూ కదులుతుంది, మధ్యలో ఆగుతుంది, మళ్లీ పడుతుంది. అంచు గట్టిపడుతుంది. వెన్ను ఎర్రగానే ఉండి నిదానంగా చల్లారుతుంది. వెన్నులో మిగిలిన వేడి మళ్లీ అంచులోకి పాకి దాని పెళుసుతనాన్ని కొంత తగ్గిస్తుంది. ఒకే ఉక్కు ముక్కలో గట్టి అంచు, ఓర్చుకునే వెన్ను రెండూ వస్తాయి.

ఇదంతా కొన్ని సెకన్ల పని. థర్మామీటర్ ఉండదు, రంగే కొలత. ఎండ వెలుతురులో ఆ ఎరుపు సరిగా కనబడదు కాబట్టి కొలిమి ఉన్న చోట నీడ కావాలి. పని అయ్యాక ఆకురాయి అంచు మీద పెట్టి చూస్తే, జారిపోతే గట్టిపడినట్టు, కొరికితే మళ్లీ కాల్చాలన్నట్టు. ఇంజనీరింగ్ కాలేజీలో లోహశాస్త్రం పేరుతో చెప్పే పాఠాన్ని కామి పిల్లలు తండ్రి పక్కన నిలబడి కళ్లతో నేర్చుకున్నారు. దీన్ని ‘నైపుణ్యం’ అని ఒక్క మాటలో తేల్చేయడం మాకు సమ్మతం కాదు. ఇది పరీక్షించి, తప్పులు దిద్దుకుంటూ తరాలుగా పోగుచేసిన శాస్త్రం.

పిడి, ఒర

పిడికి శీశం లాంటి గట్టి కర్ర వాడతారు, లేదా గేదె కొమ్ము. ఎండిన కర్రనే తీసుకోవాలి. పచ్చి కర్ర తర్వాత ముడుచుకుపోయి పిడి వదులవుతుంది. పిడి బిగించే పద్ధతులు రెండు. మొదటిదాంట్లో కర్రకు రంధ్రం వేసి, తోకను వేడిచేసి, ‘లాహా’ అనే జిగురు నింపి దించుతారు. కొన్నింట్లో తోక కొస పిడి అడుగు నుంచి బయటికి వచ్చేలా చేసి, లోహపు బిళ్ల మీద కొట్టి మడుస్తారు. రెండో పద్ధతిలో తోక పిడి అంత వెడల్పుగానే ఉంటుంది. దానికి అటొక చెక్క ఇటొక చెక్క పెట్టి రివెట్లు కొడతారు. గట్టి పనులకు ఇది ఎక్కువ మన్నుతుంది. పిడి నడుమ ఉంగరంలా ఉబ్బెత్తు గీత ఉంచుతారు. చెమట పట్టిన చేతిలో కత్తి జారకుండా అది వేళ్ల మధ్య ఆనుతుంది.

ఒర లోపల రెండు చెక్క బద్దలు, పైన తోలు. ఆ తోలు పని సంప్రదాయంగా సార్కీలది. ఒర వెనక రెండు చిన్న పరికరాలు దూర్చి ఉంటాయి. ‘కర్దా’ చిన్న చాకు, తోలు తీయడానికి, చిన్న కోతలకు. ‘చక్‌మక్’ మొద్దు అంచుది, ఖుకురీ పదును సరిచేయడానికి, చెకుముకి రాయి మీద కొట్టి నిప్పు పుట్టించడానికి.

ఇనుము కామిది, తోలు సార్కీది. అంటే నడుముకు కట్టుకునే ఖుకురీ పూర్తిగా దళితుల చేతుల మీదుగా వచ్చిన వస్తువు.

నీళ్లు చెల్లని చేయి

1854లో జంగ్ బహదూర్ రాణా కాలంలో నేపాల్‌కు ‘ములుకీ ఐన్’ అనే లిఖిత చట్టం వచ్చింది. అది దేశంలోని కులాలన్నిటినీ, తెగలన్నిటినీ ఒకే నిచ్చెన మీద పెట్టింది. పైన జంధ్యం వేసుకునేవాళ్లు. తర్వాత మద్యం తాగే తెగలు. ఆ కింద ‘నీళ్లు చెల్లనివాళ్లు’, అంటే ఎవరి చేతి నీళ్లు పైవాళ్లు తాగకూడదో వాళ్లు. అందులోనూ రెండు భాగాలు. ముట్టుకున్నా నీళ్లు చల్లుకోనక్కర్లేనివాళ్లు, ముట్టుకుంటే నీళ్లు చల్లుకుని శుద్ధి కావాల్సినవాళ్లు. కామి, సార్కీ, దమాయి కులాలను ఈ చివరి భాగంలో పెట్టారు. ఆ అట్టడుగున కూడా మళ్లీ మెట్లు కట్టారు. కామి, సార్కీలు పై మెట్టు, దమాయి కింది మెట్టు. దళితుల్లో దళితులను విడదీసే ఈ ఎత్తుగడ మనకు కొత్తదేమీ కాదు.

శుద్ధికి చల్లుకునేది బంగారం తాకించిన నీళ్లు. ఆ బంగారాన్ని నగగా మలిచే సునార్ కూడా అంటరానివాడే. ఉక్కుకు నీళ్లు పెట్టి కత్తికి ప్రాణం పోసే కామి చేతి నీళ్లు ఇంట్లో చెల్లవు. ఆయన నీళ్లు పెట్టిన కత్తి మాత్రం ఇంట్లోకి వస్తుంది, దశైంలో బొట్టు పెట్టించుకుని పూజ అందుకుంటుంది.

ఖుకురీ పట్టిన సైనికుల విషయం చూద్దాం. బ్రిటిష్ వాళ్లు గోర్ఖా దళాల్లోకి ప్రధానంగా మగర్, గురుంగ్, రాయి, లింబు తెగల నుంచి మనుషుల్ని తీసుకున్నారు. వాళ్లను ‘యుద్ధ జాతులు’ అన్నారు. ఆ వీరగాథల్లో కత్తి ఉంది, కత్తి పట్టినవాడు ఉన్నాడు, చేసినవాడు లేడు.

కూలి కాదు, గింజలు

ఊళ్లో కామి పనికి డబ్బు ఇచ్చే పద్ధతి ఉండేది కాదు. ‘బాలిఘరే’ అనే ఏర్పాటు ఉండేది. కొన్ని రైతు కుటుంబాలకు ఏడాది పొడవునా కొడవళ్లు, నాగలి కర్రులు, ఖుకురీలు చేసి, సాన పట్టి పెట్టాలి. పంట చేతికొచ్చాక వాళ్లు ఇచ్చిన గింజలు తీసుకోవాలి. మన ఊళ్లలో కళ్లం దగ్గర ఇచ్చే ‘మేర’ తెలిసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. ఎంత ఇవ్వాలన్నది ఇచ్చేవాడి దయ. భూమి వాళ్లది, పనిముట్టు వీళ్లది. గింజలు వాళ్ల ఇంట్లో, ఆకలి వీళ్ల ఇంట్లో.

బజారులో తయారైన చౌక పనిముట్లు వచ్చాక ఈ ఏర్పాటు చాలాచోట్ల చెదిరింది. దాంతో కులపు బరువు పోలేదు, గింజలు మాత్రం పోయాయి. కొలిమికి బొగ్గు కూడా సమస్యే అయింది. అడవులు సామూహిక అటవీ బృందాల చేతికి వెళ్లాక బొగ్గు కాల్చుకోవడానికి వాటి అనుమతి కావాలి. ఆ కమిటీల్లో పెత్తనం ఊరి ఆధిపత్య కులాలది. బొగ్గు దొరకని కామి వృత్తి మానుకుని భారత్‌కో గల్ఫ్‌కో కూలికి వెళ్లాల్సిందే. వర్క్‌షాపుల్లో ఉండిపోయినవాళ్లకు సాన చక్రం దుమ్ము ఊపిరితిత్తుల్లోకి, సమ్మెట మోత చెవుల్లోకి పోతుంది.

అదే కొలిమి, వేరే కులం

తెలుగు పాఠకులు ఇక్కడ ఒక ప్రశ్న వేసుకోవాలి. మన ఊళ్లో కమ్మరి కూడా ఇదే పని చేస్తాడు. అదే కొలిమి, అదే దాగలి, అవే బొగ్గులు. కానీ మన కమ్మరి అంటరానివాడు కాదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో విశ్వబ్రాహ్మణులు వెనుకబడిన తరగతుల ‘బి’ గ్రూపులో ఉన్నారు. జంధ్యం వేసుకునే సంప్రదాయం ఉంది. తమ కర్మలు తామే చేసుకునే హక్కు కోసం చిత్తూరు అదాలత్ దాకా వెళ్లి 1818లో గెలిచిన చరిత్ర ఉంది. నిజామాబాద్ ప్రాంతపు కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారని 1820ల నాటి రాతలు చెబుతున్నాయి. కమ్మరులకు కష్టాలు లేవని మేం అనడం లేదు. వాళ్ల వృత్తీ దెబ్బతింది, వాళ్ల జ్ఞానానికీ విలువ దక్కలేదు. కానీ వాళ్లను ముట్టుకుంటే ఎవరూ నీళ్లు చల్లుకోలేదు.

ఉత్తరాఖండ్ కొండల్లోకి వెళ్తే మళ్లీ మారుతుంది. అక్కడ లోహార్లు శిల్పకార్ అన్న పేరు కింద షెడ్యూల్డ్ కులం. నేపాల్లో ‘విశ్వకర్మ’ అనే ఇంటిపేరు అంటరాని గుర్తు. మన దగ్గర అదే పేరు జంధ్యంతో కలిసి వస్తుంది.

‘మురికి పనులు చేశారు కాబట్టి అంటరానివాళ్లయ్యారు’ అనే వాదన ఇప్పటికీ చదువుకున్నవాళ్ల నోట వింటుంటాం. ఒకే పని ఒకచోట జంధ్యాన్ని, ఇంకోచోట అంటరానితనాన్ని తెస్తుంటే ఆ మైల పనిలో ఉందనడం కుదరదు. కులం పనుల విభజన కాదని, పనిచేసేవాళ్లను విడదీసి మెట్ల మీద పెట్టడమని అంబేడ్కర్ 1936లోనే తేల్చి చెప్పారు. కొలిమి దానికి సాక్ష్యం. ఎవరు కింద ఉండాలన్నది అధికారం, భూమి ఉన్నవాళ్లు తేలుస్తారు. కారణాలు తర్వాత వెతుక్కుంటారు.

పేరు ఎవరిది, హక్కు ఎవరిది

కామిలు ఊరికే ఉండలేదు. 1947లో బాగ్లుంగ్‌లో భగత్ సర్వజీత్ విశ్వకర్మ ‘విశ్వ సర్వజన్ సంఘ్’ పెట్టారు. నేపాల్ దళిత ఉద్యమానికి పునాది వేసిన సంస్థల్లో అది ముందు వరసలో ఉంది. 1963లో కొత్త ములుకీ ఐన్ వచ్చి కులాన్ని బట్టి శిక్షలు వేసే పద్ధతిని తీసేసింది. 2006లో పార్లమెంటు నేపాల్‌ను అంటరానితనం లేని దేశంగా ప్రకటించింది. 2011లో కుల వివక్షను నేరంగా శిక్షించే ప్రత్యేక చట్టం వచ్చింది.

కాగితం మీద ఇంత జరిగాక, 2020 మే 23న జాజర్‌కోట్‌కు చెందిన ఒక విశ్వకర్మ యువకుడు, తాను ప్రేమించిన ఆధిపత్య కులపు అమ్మాయి కోసం మిత్రులతో కలిసి పశ్చిమ రుకుం జిల్లాలోని ఒక ఊరికి వెళ్లాడు. ఊరి గుంపు వాళ్లను తరిమి కొట్టింది. ఆ యువకుడితో సహా ఆరుగురు చనిపోయారు. శవాలు భేరీ నదిలో దొరికాయి. మరుసటి ఏడాది కాఠ్మాండులో ఒక దళిత మహిళా జర్నలిస్టు, కులం తెలిశాక అద్దెకు గది ఇవ్వలేదని పోలీసులకు ఫిర్యాదు చేయాల్సి వచ్చింది.

ఇదే కాలంలో ఖుకురీ ప్రపంచ మార్కెట్‌కు వెళ్లింది. కాఠ్మాండులోని ఠమేల్ దుకాణాల్లో, ఇంటర్నెట్ అమ్మకాల్లో దాన్ని గోర్ఖా వీరత్వం పేరుతో అమ్ముతారు. పాశ్చాత్య దేశాల్లో కత్తులు సేకరించేవాళ్లు ‘కామి’ అన్న మాటను ఉస్తాద్ అన్నంత గౌరవంతో వాడతారు. నేపాల్ ఊళ్లలో అదే మాట తిట్టు. కొనేవాడికి మాట వెనకున్న కులం తెలియదు. అమ్మేవాడికి తెలుసు, కానీ చెప్పడు.

నేపాల్ 2015 రాజ్యాంగంలోని 40వ అధికరణం దళితుల హక్కుల గురించినది. తమ సంప్రదాయ వృత్తిని, జ్ఞానాన్ని, నైపుణ్యాన్ని, సాంకేతికతను వాడుకునే, కాపాడుకునే, పెంచుకునే హక్కు దళితులకు ఉందని అది చెబుతుంది. ఆ వృత్తులకు సంబంధించిన ఆధునిక వ్యాపారాల్లో దళితులకే ప్రాధాన్యం ఇవ్వాలని, శిక్షణ, వనరులు అందించాలని ప్రభుత్వాన్ని ఆదేశిస్తుంది. కులవృత్తిని జ్ఞానంగా గుర్తించి, దాని మీద హక్కు మాట్లాడిన ఈ నిబంధనను మన దేశంలోనూ చదవాలి, చర్చించాలి. మన దగ్గర చేతివృత్తుల పథకాలు టూల్ కిట్ దగ్గరే ఆగిపోతున్నాయి.

అయితే ఇందులో ఒక ప్రమాదమూ ఉంది. వృత్తిని కాపాడటం పేరుతో కామి కొడుకు కామిగానే ఉండాలనే పాత కట్టడి తిరిగి రాకూడదు. కొలిమి వదిలి కోర్టులోకో లేబొరేటరీలోకో వెళ్లాలనుకున్న పిల్లకు దారి ఉండాలి. కొలిమిలోనే ఉంటానన్న మనిషికి బొగ్గు, న్యాయమైన ధర, కత్తి మీద తన పేరు, కంపెనీలో వాటా ఉండాలి. ఎంచుకునే హక్కు ఉన్నప్పుడే అది వృత్తి. లేనప్పుడు అది కులమే.